బడి కమిటీ ఉన్నది సంతకాలకేనా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 2024 ఆగస్టు 8న ఎన్నికైన యాజమాన్య కమిటీల గడువు రెండేళ్లు. కమిటీ ఎన్నికలు దగ్గరపడ్డాయంటే మా పల్నాడు ఊళ్లలో మొదట వినపడే మాట ఒక్కటే: చైర్మన్ ఏ పార్టీ మనిషి? ఆ కుర్చీలో కూర్చునే మనిషికి చట్టం ఏ పని అప్పగించిందని అడిగేవాళ్లు కనపడరు. గెలిచినవాళ్లకైనా ఎవరూ చెప్పరు. ఒక విడత కమిటీలో సభ్యుడిగా ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ కమిటీ ఎవరో దయతలచి వేసింది కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఉండి తీరాల్సినది. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటున్నాం. ఐదు తరగతుల బడికి పదిహేను మంది తల్లిదండ్రులన్నమాట. చైర్మన్, వైస్ చైర్మన్ వాళ్లలోంచే రావాలి. హెడ్మాస్టరు (హెచ్‌ఎం) సమావేశాలు జరిపించే కన్వీనరు. పెత్తనం ఎవరి చేతిలో ఉండాలని చట్టం అనుకుందో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

బడి ఎలా నడుస్తోందో కనిపెట్టుకుని ఉండడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి సిఫార్సు చేయడం, ప్రభుత్వం ఇచ్చినా దాతలు ఇచ్చినా ఆ డబ్బు ఎటు పోతోందో చూడడం కమిటీ పనులు. వీటిలో అసలు బలం ప్రణాళికలో ఉంది. పూర్తిగా నీరుగారిపోయిందీ అదే. ప్రభుత్వం వేసే ప్రణాళికలకూ ఇచ్చే గ్రాంట్లకూ కమిటీ రాసిన ప్రణాళికే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతోంది. రాబోయే మూడేళ్లకు ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, టీచర్లు ఇంకా ఎంతమంది కావాలి, గదులేం కావాలి, డబ్బెంత కావాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఒక ప్రాథమిక పాఠశాలలో డెబ్బై మంది పిల్లలకు ఇద్దరే టీచర్లున్నారనుకోండి. చట్టం షెడ్యూలు ప్రకారం అరవై దాటితే మూడో టీచరు ఉండాల్సిందే. ఆ ఒక్క వాక్యం ప్రణాళికలోకి ఎక్కి, చైర్మన్ సంతకంతో పైకి వెళితే అది ఊరివాళ్ల మొర కాదు, చట్టం అడగమన్న లెక్క. బల్ల మీద పడేసి మరిచిపోవడం అంత తేలిక కాదు.

ఇక జరిగేది చెబుతాను. మా విడతలో తీర్మానాల పుస్తకమే ఇంటికి వచ్చేది. మిరపకోతల రోజుల్లో చైర్మన్‌గా ఉన్నామె పొద్దున్నే చేలోకి వెళ్లిపోతుంది, సమావేశం పదకొండు గంటలకు. వెళితే కూలి పోతుంది, వెళ్లకపోతే కోరం, అంటే సమావేశానికి కావాల్సిన కనీస హాజరు, ఉండదు. అందుకని సాయంత్రం ఒక పిల్లాడు పుస్తకం పట్టుకొచ్చేవాడు. ‘సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ముందే రాసి, కింద పేర్లు వేసి, ఒక్కో పేరు పక్కన సంతకానికి చోటు వదిలి ఉండేది. ఆమె చేతులకంటిన కారం కడుక్కుని వచ్చి సంతకం చేసేది. దేని మీద చేసిందో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. హెచ్‌ఎంను మాత్రమే తప్పుపట్టను. ఆయనకు పైనుంచి ఫోన్లో మెసేజ్ వస్తుంది, సాయంత్రం అయిదింటికల్లా తీర్మానం అప్‌లోడ్ చేయమని. పదిహేను మందిని పోగేసి కూర్చోబెట్టే వ్యవధి ఆయనకూ ఇవ్వరు.

డబ్బు సంగతి ఇంకా తేటగా ఉండాలి. సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పథకం కింద బడి నిర్వహణ ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 31 నుంచి 100 మంది ఉంటే రూ.25,000, 101 నుంచి 250 మంది అయితే రూ.50,000. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి పెట్టాలి. ఇదిగాక 2025లో, పిల్లల్ని చదివించే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం రూ.15,000లోంచి బడుల, మరుగుదొడ్ల నిర్వహణకని రూ.2,000 మినహాయించి తల్లుల ఖాతాల్లో రూ.13,000 వేశారు. అది తల్లుల పేరున మంజూరైన సొమ్ము. అందులో మన బడికి దక్కింది ఎంత, ఫినాయిలుకెంత, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మ జీతానికెంత అని అడగడం కమిటీ విధి. అడిగితే ‘మీకెందుకమ్మా ఇవన్నీ’ అంటారు. చట్టం కమిటీకి చెప్పిందే ఇది కదా!

రెండో పక్క కూడా చెప్పాలి. చైర్మన్ అయ్యానని తరగతి గదిలోకి దూసుకెళ్లి పిల్లల ముందు టీచరును నిలదీసే హక్కు ఎవరికీ లేదు. బదిలీలు, శిక్షలు విద్యాశాఖ పని. కొత్త కమిటీ రాగానే మొదటి సమావేశంలోనే వంటామెను మార్చాలని పట్టుబట్టే ఊళ్లు ఉన్నాయి. పప్పు నీళ్లగా ఉందని కాదు, ఆమె వేరే పార్టీ అని. కమిటీల పరువు తీసేది ఇలాంటి వాళ్లే. టీచర్లు కమిటీ అంటే భయపడేదీ ఇందుకే. నిజానికి కమిటీ టీచరుకు అండ. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ అంటోంది. ఆ మాట టీచరు తనంతట తాను పై అధికారికి చెప్పలేడు. తల్లిదండ్రులు తీర్మానం చేసి చెప్పగలరు.

ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం అందుకునే ప్రైవేటు), మైనారిటీ బడుల్లో 2012 సవరణ తర్వాత ఈ కమిటీది సలహా పాత్రే. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు 21వ సెక్షనే వర్తించదు. ఫీజులు కట్టేవాళ్ల గోడు వేరే ఉత్తరం అవుతుంది.

విద్యాశాఖను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎన్నికల నోటీసుతో పాటే 21, 22 సెక్షన్లను తేట తెలుగులో అచ్చేసి ప్రతి తల్లికీ ఇవ్వండి. పిల్లల హక్కుకు భంగం కలిగితే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చని, మూడు నెలల్లో తేల్చాలని చెప్పే 32వ సెక్షన్‌ను కూడా అదే కాగితంలో చేర్చండి. సమావేశాలు కూలి పోని వేళ, సాయంత్రమో సెలవు రోజో పెట్టండి. వారం ముందే చర్చించే విషయాలు తెలియజేయండి. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు మూడు నెలలకోసారి మధ్యాహ్న భోజనం మెనూ రాసే గోడ పక్కనే పెద్దక్షరాలతో రాయించండి. తీర్మానం రాసేది సమావేశం అయ్యాక అని హెచ్‌ఎంలకు ఉత్తర్వు ఇవ్వండి, ఆ రాయడానికి వాళ్లకు వారం రోజులు గడువు కూడా ఇవ్వండి.

ఇట్లు,
పాఠశాల యాజమాన్య కమిటీ మాజీ సభ్యుడు,
పల్నాడు జిల్లా