ఆ రాత్రి మెట్లెక్కి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ గారికి

అమ్మను నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాము. ఆమె నిద్రపోతున్నది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు కనుక, మరిచిపోకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పేగు ఆపరేషన్ తరువాత అమ్మ ఐసీయూలో ఉండగా 6వ రోజున జ్వరం మొదలయింది. ఒక యాంటీబయాటిక్ మార్చారు, మరొకటి చేర్చారు, అయినా నాలుగు రోజుల పాటు జ్వరం దిగలేదు. 10వ రోజు రాత్రి రెండు గంటలప్పుడు తెల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి నేరుగా లోపలికి వెళ్లారు. అమ్మ బ్లడ్ కల్చర్ సీసాలో (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష అది) ఏదో పెరుగుతున్నదని యంత్రం సూచించగానే, ఆయన ఒక చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూశారట. కనిపించింది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. వార్డుకు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఉదయం రిపోర్టులో రాసి పంపినా ఆయనను తప్పుపట్టేవారు లేరు. కానీ ఆయన స్వయంగా వచ్చి, డ్యూటీ డాక్టరు యాంటీఫంగల్ మందు రాసేదాకా అక్కడే నిలబడ్డారు.

తెల్లవారి డ్యూటీ దిగాక మళ్లీ వచ్చి, "పదో బెడ్ తాలూకు మీరేనా?" అని అడిగి నా పక్కన కూర్చున్నారు. రక్తంలో ఈస్ట్ ఏమిటని నేను అడిగితే, జేబులోంచి ఒక పాత స్లిప్పు తీసి, వెనుకవైపు ఒక గుండ్రటి కణాన్నీ, దాని పక్కన మొలిచిన చిన్న మొగ్గనూ గీశారు. కాండిడా అనే ఈ ఈస్ట్ ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో కూడా ఉంటుందనీ, అక్కడి బ్యాక్టీరియా దానిని హద్దులో ఉంచుతుందనీ, రోజుల తరబడి యాంటీబయాటిక్స్ పడితే ఆ కాపలా పోయి అది విపరీతంగా పెరుగుతుందనీ, కోసి కుట్టిన పేగు నుంచో, మందులు ఎక్కించడానికి మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్ నుంచో రక్తంలోకి చేరుతుందనీ ఎంతో ఓపికగా చెప్పారు. వెళ్లబోతూ, "మాకు సీసాలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఒకసారి చూసి పోదామనిపించింది" అన్నారు. పది రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటతో బయటపడింది. లైన్ తీసేశాక చేసిన కల్చర్‌లో ఏమీ పెరగలేదని మాకు మొదట చెప్పింది కూడా ఆయనే. అక్కడి నుంచి 14 రోజులు లెక్కపెట్టి మందు ఎక్కించారు. ఆ స్లిప్పు నా పర్సులోనే ఉంది.

అక్క, బావ, మా ఆవిడ వంతులేసుకుని పక్కన ఉన్నారు. వారికి వేరే చెప్పేదేముంది?

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేకపోతున్నాను. అమ్మ నాలుక మీద తెల్లటి పూత ఉందని నేను రెండు రోజుల ముందే చెబితే, "ఐసీయూలో అది మామూలే" అన్నారు అక్కడివారు. నోటిలో ఈస్ట్ పూత ఉన్నంత మాత్రాన అది రక్తంలోనూ ఉన్నట్టు కాదన్నది నిజమే. అయితే ఆపరేషన్, సెంట్రల్ లైన్, అన్నేసి యాంటీబయాటిక్స్, తగ్గని జ్వరం కలిసినప్పుడైనా ఈస్ట్ సంగతి ఎవరికైనా తట్టాలి కదా? ఇలాంటి ఇన్ఫెక్షన్లలో దాదాపు సగం బ్లడ్ కల్చర్‌కు దొరకవట. మందు ఆలస్యమైన కొద్దీ ప్రాణానికి ముప్పు పెరుగుతుంది. దొరికిన కబురు కూడా ఎత్తని ఫోన్ దగ్గర ఆగిపోయేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తున్నది.

నీరసానికీ తలనొప్పికీ కూడా ఈస్టే కారణమంటూ పథ్యాలు పంపిన బంధువులకు కృతజ్ఞతలు. అయితే ఆ వాదానికి సరైన ఆధారాలు లేవు, రక్తంలో చేరిన కాండిడా పథ్యంతో పోయేదీ కాదు.

అన్నట్టు, కంటి డాక్టరు గారిని మరిచాను. ఈ ఈస్ట్ కంటి లోపలి పొరకు కూడా పాకవచ్చట. ఆమె తన ఓపీ ముగించుకుని పైకి వచ్చి మరీ అమ్మ కళ్లు పరీక్షించి, మచ్చలేవీ లేవని చెప్పి వెళ్లారు. అమ్మను మొదటిసారి నిలబెట్టిన ఫిజియోథెరపిస్టుకు, రాత్రిపూట తన కుర్చీ నాకిచ్చిన వాచ్‌మన్‌కు, రక్తం ఇచ్చిన ఇద్దరికి కూడా నా నమస్కారాలు. ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే మన్నించండి, 27 రోజులుగా సరిగా నిద్ర లేదు.