అడ్వాన్సు తీరదు, ఆధార్ రాదు

నెల్లూరు జిల్లాలో యానాది గిరిజనుల పేదరికానికి వాళ్ల తాగుడే కారణమని తేల్చేయడం అన్యాయం. మా ఊరి దగ్గర రొయ్యల గుంటలకు కాపలా ఉండే ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను. కూతురి పెళ్లికి గుంటల యజమాని దగ్గర తీసుకున్న ఇరవై వేల అడ్వాన్సు ఇప్పటికీ తీరలేదు. లెక్క రాసేది యజమాని, వేలిముద్ర వేసేది ఆ ఇంటాయన. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగే భార్య కూలి ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది, ఆ గట్టు దాకా ఇంకా నడిచి రాలేదు. పిల్లవాడికి పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ రాలేదు. ఆధార్ లేక కుల ధ్రువపత్రం రాలేదు. అది లేక హాస్టల్ సీటు పోయింది, వాడూ గుంటల దగ్గరే తేలాడు. ఊళ్లో మోటారు దొంగలెత్తుకుపోతే అందరి చూపూ ముందు ఆ గుడిసె మీదికే. కొన్ని జాతులు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టాన్ని 1952లో రద్దు చేశారు గానీ, అనుమానాన్ని ఎవరూ రద్దు చేయలేదు. రెవెన్యూ, గ్రామ సచివాలయ సిబ్బంది గిరిజన కాలనీల్లోనే శిబిరం పెట్టి, అక్కడికక్కడే విచారించి పత్రాలన్నీ ఒకేసారి ఇవ్వాలి. కార్మిక శాఖ గుంటల దగ్గరి అడ్వాన్సు పుస్తకాలను తనిఖీ చేసి, కూలితో ఎప్పుడో తీరిపోయిన బాకీలను కొట్టేయించాలి.