డాలస్ నుంచి నాయనకు

ప్రియమైన నాయనకు, అమ్మకు ప్రభువు నామమున వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. హాస్పిటల్ పని ఎప్పటిలాగే ఉంది. రాత్రి డ్యూటీలు కాస్త తగ్గించారు.

నాయనా, నేను వెళ్ళే గుడి ఇక్కడి సదరన్ బాప్టిస్టులనే పెద్ద బాప్టిస్టు సంఘాల కూటమిది. వాళ్ళ మీద వచ్చిన ఆరోపణలు విని "ఆ సదరన్ బాప్టిస్టుల గుడి మానెయ్" అన్నావు. డ్యూటీలో ఉండి ఫోన్లో సరిగ్గా మాట్లాడలేకపోయాను. నువ్వు విన్నది నిజమే. ఆడబిడ్డల్ని, పిల్లల్ని పాడు చేశారని ఆరోపణలొచ్చిన పాస్టర్లు, సంఘ పనివాళ్ళ పేర్లు 700 పైగా పై నాయకుల ఆఫీసులో ఏళ్ళ తరబడి రాసి పెట్టుకున్నారు. 2022 మేలో బయటివాళ్ళ విచారణలో అది బయటపడింది. బాధితులు వచ్చి మొరపెట్టుకుంటే "ప్రతి సంఘం స్వతంత్రం, మాకు అధికారం లేదు" అన్నారు. మన బాప్టిస్టు సంఘాల మీద పెత్తనానికి బిషప్పు లేడని నువ్వు గర్వంగా చెప్పే మాటే వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. అదే నాకు ఎక్కువ కష్టం వేసింది.

మా గుడిలో ఒక పెద్దావిడ ఆ జాబితా ప్రింటు తీసి తెచ్చింది. ఒక్కో పేరు కింద వేలు పెట్టి చూసుకుంటూ పోయి, తన చిన్ననాటి ఊరి దగ్గర ఆగిపోయింది. ఏమీ అనలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ఇంకా వస్తోంది నాయనా. నేనెట్లా మానేది?

మన సంఘం అయ్యగారు మన నెల్లూరు మిషను దొరలూ ఈ సదరన్ బాప్టిస్టులేనన్నారట. కాదని చెప్పు. బానిసలున్నవాళ్ళను మిషనరీలుగా పంపొచ్చా అన్న తగాదాలో వీళ్ళు 1845లో వేరుపడ్డారు. నెల్లూరు, ఒంగోలు ఉత్తరాది బాప్టిస్టుల పని. వీళ్ళు ఆ బానిసత్వపు పాపానికి క్షమాపణ చెప్పుకున్నది 1995లో.

ఆడవాళ్ళు పాస్టర్లు కావడం మీద కూడా గొడవే. ఆడవాళ్ళను పాస్టర్లుగా పెట్టుకుందని 2023లో శాడిల్‌బ్యాక్ అనే పెద్ద సంఘాన్ని కూటమి నుంచి తీసేశారు. ఆడవాళ్ళు పాస్టర్లు కాకూడదని నియమావళిలోనే గట్టిగా రాయాలని 2024లో, మళ్ళీ ఈ డాలస్‌లోనే 2025లో ఓటు పెట్టారు. రెండుసార్లూ 60 శాతం దాటింది కానీ కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. నెల్లూరు అవ్వ బైబిల్ స్త్రీగా ఎండలో ఇంటింటికీ తిరిగి, మగవాళ్ళు అడుగుపెట్టలేని ఇళ్ళలో వాక్యం చెప్పింది. అది సేవ కాదని నా ముందు ఎవరన్నా అంటే ఊరుకోను.

నాయనా, కోప్పడకు. మన సంఘంలో ఆ క్వయిర్ పిల్ల సంగతి "బయటికి పొక్కితే సంఘానికి చెడ్డపేరు" అని కమిటీలో నొక్కేశారని అమ్మ చెప్పింది. నువ్వూ ఆ రోజు అక్కడ ఉన్నావు. నీ మాటంటే అక్కడ అందరికీ గౌరవం. ఆ పిల్ల తల్లిని ఇంటికి పిలిపించు, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం విను. పోలీసు స్టేషన్‌కు పోతామంటే తోడు వెళ్ళు. కమిటీ వాళ్ళకు కోపమొస్తే రానీ.

అమ్మ మోకాలు నొప్పికి నూనె రాసుకుంటూ కూర్చోవద్దు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించు. డబ్బులు చెల్లి అకౌంట్లో వేశాను. ఆ పిల్ల వాళ్ళతో మాట్లాడగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతాను.

మీ పెద్దపాప