నంబరు దించారు, నీళ్లు దిగలేదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖ పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు దించితే చాలు, తుపాను అయిపోయినట్టే మన లెక్క. పునరావాస కేంద్రంలో వంట ఆగిపోతుంది, బడి తాళాలు హెడ్మాస్టరు చేతికి తిరిగొస్తాయి, మీ పత్రికలో వార్త మొదటి పేజీ నుంచి జిల్లా పేజీకి జారుతుంది. గెడ్డ (వాగు) పక్క కాలనీలోనూ ఉప్పుటేరు ఒడ్డు పల్లెలోనూ మాత్రం ఇళ్లలో మోకాటి లోతు నీళ్లు అలాగే ఉంటాయి. ఒక్కోసారి వారం, ఒక్కోసారి పది పన్నెండు రోజులు. ఆ రోజుల గురించే ఈ ఉత్తరం.

మన ఏర్పాట్లన్నీ గాలిని దృష్టిలో పెట్టుకుని చేసుకున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగానే తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, రేకుల కప్పులు గాలికి లేచిపోయాయి. అప్పుడు కావలసింది రంపాలు, క్రేన్లు, లైన్‌మెన్లు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటింది ఎక్కడో కళింగపట్నం దగ్గర, వానకు మునిగింది విశాఖ. అలాంటప్పుడు రంపాలతో పని తక్కువ. నీళ్లు పోయే దారి, తాగే నీళ్లు, మరుగుదొడ్లు, పొడిగా పడుకునే చోటు కావాలి.

ముందు నీళ్లు పోయే దారి సంగతి. మన తీరంలో నైరుతి కాలమంతా అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. ఏట్లో పారుదల సన్నగిల్లిన చోట ఆ ఇసుక మొగకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకు, అడ్డంగా దిబ్బ కడుతుంది. తుపాను అలలు దాని మీద ఇంకో పొర వేసిపోతాయి. భీమిలి దగ్గర గోస్తనికైనా, రాంబిల్లి వైపు శారద, వరాహలకైనా, పేరు కూడా లేని గెడ్డలకైనా ఈ బెడద ఉన్నదే. పైనుంచి వచ్చిన వరద దిబ్బ వెనక చెరువులా నిలిచి ఊళ్లోకి ఎగదన్నుతుంది.

మొగ కొట్టడం, అంటే ఆ దిబ్బను తెంచి నీళ్లకు దారి చేయడం, జాలరి పెద్దలకు తెలియని పని కాదు. కానీ తుపాను హడావిడిలో పొక్లెయిన్ ఎప్పుడు దొరికితే అప్పుడు మొదలుపెడతారు, అక్కడే పని చెడుతుంది. సముద్రం పోటు మీద ఉండగా కొడితే అలలు ఇసుకను మళ్లీ తెచ్చి గంటలో పూడ్చేస్తాయి. డీజిలు దండగ. కాలవను సముద్రం వైపు నుంచి తవ్వుకుంటూ రావాలి. ఏటి వైపు నాలుగైదు మీటర్ల కట్టను ముట్టుకోకుండా ఉంచి, పోటు నిండి పాటు (నీరు వెనక్కి తగ్గడం) మొదలయ్యే వేళకు దాన్ని తెంచాలి. అక్కణ్నుంచి ఇంచుమించు ఆరు గంటలు సముద్రమట్టం దిగుతూనే ఉంటుంది కాబట్టి ఏటి నీరు తన దారిని తనే కోసుకుని వెడల్పు చేసుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు దాటుతుంది, ఆ రోజులు కలిసొస్తే మరీ మంచిది. కట్ట తెగిన మొదటి గంటలో ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంది. యంత్రాన్ని ముందే బాగా వెనక్కి తీయించాలి, వింత చూడ్డానికి పిల్లలను రానివ్వకూడదు. ఇక ఈ పని ఎవరిదన్న తగువు ఒకటుంది. పంచాయతీదా, జలవనరుల వారిదా, మత్స్యశాఖదా అని తుపాను నాడు ఫోన్లు చేసుకునేకన్నా సెప్టెంబరు నాటికే ఒక కాగితం రాసి పెట్టుకోవచ్చు: ఏ మొగకు ఏ యంత్రం, డీజిలు ఎవరిది, సంతకం ఎవరిది. ఒక్క పేజీ చాలు.

నగరంలో పంపులు పెట్టి తోడేటప్పుడు పైపు కొస ఎక్కడ వదులుతున్నారో కూడా చూడాలి. నిండిన గెడ్డలోనే వదిలితే ఆ నీరు సందు తిరిగి మళ్లీ అదే గుమ్మం ఎక్కుతుంది.

తాగునీటి దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. మునిగిన బావిలో గుప్పెడు బ్లీచింగ్ చల్లి క్లోరినేషన్ అయిందని రాసుకోవడం మామూలైపోయింది. పొడిగా చల్లితే సరిగా కలవదు. బురద నీళ్లలో అయితే క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. ఒక లెక్క చూడండి. నాలుగడుగుల వరల బావి, అంటే 1.2 మీటర్ల వ్యాసం. అందులో 3 మీటర్ల లోతున నీరుంటే దాదాపు 3,400 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 8, 9 గ్రాముల మంచి బ్లీచింగ్ సరిపోతుంది. వరద మునిగిన బావిని శుద్ధి చేయడానికి మొదటిసారి 200 గ్రాములు కావాలి. అదీ 33 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితేనే. మూతి విప్పి గోదాములో నెల్లాళ్లు పడున్న బస్తాలో అంత బలం ఉండదు.

తూచిన పొడిని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పాతిక వంతుకు నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పై తేటను ఇంకో బకెట్లోకి వంచి, తాడు కట్టి బావిలోకి దించి, నీళ్లలో నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో పోయకూడదు. ఈ మొదటి మోతాదు బావి కడగడానికే, ఆ నీళ్లు తాగకూడదు. గంట ఆగి తోడిపోసి, మళ్లీ ఊరిన నీటికి మామూలు మోతాదు వేయాలి. ఇంకో గంటకు నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోపులో లీటరుకు అర మిల్లీగ్రాము చూపిస్తే అప్పుడు బిందెలు దించవచ్చు.

అయితే బావిలో పడింది సముద్రపు నీరైతే తోడిపోయడమే ముప్పు. బ్లీచింగ్‌కు ఉప్పు పోదు. తీరంలో భూమి లోపల మంచినీరు ఉప్పునీటి మీద మీగడలా తేలి ఉంటుంది. మోటారు పెట్టి బావి ఊడిస్తే ఆ మీగడ కాస్తా పోయి కింది ఉప్పునీరు పైకెక్కుతుంది, వరలు కూలినా కూలతాయి. చెత్త, బురద తీసి, చేదతో కొద్దికొద్దిగా తోడుతూ, మిగతాది వానలకు వదిలేయాలి. మళ్లీ తియ్యబడడానికి ఒక వర్షాకాలం చాలకపోవచ్చు. అంతవరకు ఆ ఊరికి ట్యాంకరే గతి. ట్యాంకరు ఎన్నాళ్లు తిప్పాలో తేల్చేవాళ్లు నీళ్లు రుచి చూసి తేల్చాలి, క్యాలెండరు చూసి కాదు.

మనిషికి రోజుకు 15 లీటర్లు అన్నది విపత్తు సహాయానికి స్ఫియర్ పేరుతో ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. తాగడం, వంట, ఒంటి శుభ్రం అన్నీ అందులోనే. 5,000 లీటర్ల ట్యాంకరు 333 మందికి సరిపోతుంది, అంటే రెండు వేల మంది ఊరికి రోజుకు ఆరు ట్యాంకర్లు. ఆరూ వచ్చాయనుకుందాం. బిందెలు కొట్టుకుపోయిన ఇంట్లో ఆ నీళ్లు పట్టేది దేంట్లో? ట్యాంకరు అరగంట ఆగి వెళ్లిపోతుంది. అందుకే ఇంటికి మూత ఉన్న 20 లీటర్ల క్యాన్లు రెండు, వీధి మొదట మిట్ట మీద కుళాయిలు బిగించిన వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు మొదటి లారీలోనే రావాలి. ట్యాంకరు పైపు కొసను బురదలో ఈడ్చి తెచ్చి అదే బిందెలో పెట్టడం చూస్తూనే ఉంటాం. ఆ కొసను కొక్కానికి తగిలించి ఉంచేలా డ్రైవరుకు చెబితే పైసా ఖర్చు లేదు.

బడిలో రెండు రాత్రులు ఎలాగో గడుస్తాయి. పది రోజులంటే ముందు నిండేది మరుగుదొడ్డి గొయ్యి. మొదట్లో 50 మందికి ఒకటి, తర్వాత 20 మందికి ఒకటి, మగవాళ్లకు ఒకటి ఉంటే ఆడవాళ్లకు మూడు అన్నది ప్రమాణం. మూడు వందల మంది తలదాచుకున్న బడికి 15 మరుగుదొడ్లు, రోజు విడిచి రోజు గొయ్యి ఖాళీ చేసే వాహనం కావాలి. లోపల గొళ్లెం, బయట లైటు లేకపోతే ఆడవాళ్లు సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేస్తారు. మూడు నాలుగు రోజులకు మూత్రంలో మంట. ఆ కేసుల చీటీలో కారణం రాయాలంటే గొళ్లెం అని రాయాలి. శానిటరీ ప్యాడ్లు పంపే దాతలు వాటితోపాటు లోదుస్తులు, మూత ఉన్న చిన్న బకెట్టు, బట్టల సబ్బు కూడా పంపాలి. ఒంటి మీది బట్టే ఆరని చోట ప్యాడు ఒక్కటీ ఏం చేసుకుంటారు?

బియ్యం విషయానికొస్తే, కుటుంబానికి 25 కిలోలు, మత్స్యకారులకైతే 50 కిలోలు ఇవ్వడం మన రాష్ట్రంలో ఆనవాయితీ. కాదనేదేమీ లేదు. కానీ మంచం మీద మంచం వేసుకుని కూర్చున్న ఇంట్లో 50 కిలోల బస్తా ఎక్కడ పెడతారు? పొయ్యి నీళ్లలో ఉంది, గ్యాసు బండ తేలుతోంది. నాలుగో రోజుకు అడుగు బియ్యం ముక్క వాసన. నీళ్లు దిగేదాకా మిట్ట మీద రెండు పూటలా వండి పెట్టి, దిగాక బియ్యం ఇస్తే అది కడుపుకు చేరుతుంది. పొట్లాలు కట్టేవాళ్లు పులిహోర కట్టండి. పొద్దున కట్టిన సాంబారన్నం పడవలో తిరిగి మూడు గంటలకు చేతికందితే, మనం పంచింది విరేచనాలే. పసిపిల్లల పాలపొడి డబ్బాలు అసలే పంపవద్దు. ఆ పొడి కలిపే నీళ్లు ఏవో ఆలోచించండి. తల్లికి కడుపునిండా తిండి పెట్టి, చాటుగా కూర్చునే చోటు చూపిస్తే బిడ్డకు పాలుంటాయి.

జబ్బులు వరస కట్టి వస్తాయి. మొదటి రోజుల్లో పాముకాట్లు, కరెంటు షాకులు, కాళ్లలో గాజుపెంకులు. ఆ వెంటే విరేచనాలు. తర్వాత ఎలుక జ్వరం. ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి పుళ్లలోంచి ఒంట్లోకి పోతే, చాలామందిలో అయిదు నుంచి 14 రోజుల మధ్య జ్వరం పట్టుకుంటుంది. పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడడం దాని గుర్తులు. డెంగీ ఇంకా ఆలస్యంగా, నీళ్లు దిగి డబ్బాల్లో, టైర్లలో మిగిలినవి తేటపడ్డాక వస్తుంది. వైద్య శిబిరం మూడు రోజులు నడిపి ఎత్తేస్తే పాముకాటు వరకే అందినట్టు. కనీసం మూడు వారాలు ఉండాలి, చిన్నదైనా సరే. నీళ్లలో తిరిగే పారిశుద్ధ్య కార్మికులకు వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అన్నది డాక్టరు తేల్చాలి, గర్భిణులకూ చిన్నపిల్లలకూ అది పనికిరాదు. విరేచనాల పిల్లలకు ఓఆర్‌ఎస్‌తోపాటు జింకు బిళ్లలు 14 రోజులూ వేయాలి, రెండో రోజుకు తగ్గిందని ఆపేస్తుంటారు. బీపీ, షుగరు బిళ్లలు చీటీతో సహా నీళ్లలో పోతాయి కాబట్టి ఎవరికి ఏ మందో ఆశా కార్యకర్త పుస్తకంలో ముందే ఉండాలి. ఫ్రిజ్ లేని చోట ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తడి ఇసుక పోసిన కొత్త కుండలో పెట్టుకోవచ్చు.

జాలరి కుటుంబానికి ఇంటి తర్వాత చూసుకోవలసింది ఇంజను. ఉప్పునీట మునిగిన బోటు మోటారును బయటికి తీసి ఎండలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఉప్పు తడికి గాలి తగిలితే తుప్పు మొదలైనట్టే. మంచినీటితో కడిగి, స్పార్కు ప్లగ్గులు విప్పి, ఫ్లైవీలు చేత్తో తిప్పి లోపలి నీళ్లు వెళ్లగొట్టి, సిలిండర్లలో నూనె పోసి, పాత నూనె మార్చి అదే రోజు నడిపించాలి. మెకానిక్ రావడానికి ఆలస్యమైతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచడం మేలు. ఊరికి ఒక మెకానిక్, రెండు డ్రమ్ముల మంచినీళ్లు, ఓ పెట్టెడు ప్లగ్గులు, పది లీటర్ల ఇంజనాయిలు వెంటనే చేరితే ఎన్నో మోటార్లు బతుకుతాయి.

పోయినవాటికి పరిహారం మాటేమిటి? 2022-26 కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో పూర్తిగా పోయిన బోటుకు 15,000 రూపాయలు, వలకు 4,000. ఇంజనుతో ఫైబరు బోటు లక్షల్లో ఉన్న రోజులివి. ఆ కొద్దిపాటికైనా రిజిస్ట్రేషన్ నంబరు, ఆనవాలు అడుగుతారు. కడలిలో కలిసిపోయిన వలకు ఆనవాలేది? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అప్పుడే బోటు, మోటారు, వలలు కలిపి ఫొటో తీసి గ్రామ సచివాలయంలో పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. డబ్బు అందేటప్పుడు వేలిముద్ర దగ్గర ఇంకో చిక్కు. తాళ్లు లాగి అరిగిన వేళ్లు, నీళ్లలో నానిన వేళ్లు యంత్రానికి ఆనవు. వేరే పద్ధతి ఆ రోజుకు సిద్ధంగా ఉండాలి.

నష్టం రాసుకునే బృందాలు ఒక్కసారి వచ్చి వెళ్లిపోతే మట్టి గోడల ఇళ్లకు అన్యాయం జరుగుతుంది. మట్టి గోడ నీళ్లలో ఉన్నన్నాళ్లు నిలబడే ఉంటుంది, నీళ్లు దిగి ఆరుతుంటే నెర్రెలిచ్చి కూలుతుంది. అప్పటికి జాబితా మూసేసి ఉంటారు. నీళ్లు ఉండగానే గోడ మీద మట్టం దగ్గర పెయింటుతో గీత గీసి తేదీ రాయాలి, పదిహేనో రోజున రెండోసారి రావాలి. ఆ రెండో రాకలో ఆడవాళ్లను కూడా అడగాలి. తడిసి పురుగు పట్టిన ఎండుచేపల గంపలు, కరిగిపోయిన ఉప్పు బస్తాలు, వాటి కోసం తెచ్చిన వారం వడ్డీ అప్పులు వాళ్లవే. బోటుకు, వలకు ఉన్నట్టు ఎండుచేపల గంపకు ఆ పరిహారం పట్టికలో గడి లేదు.

ఇట్లు,
తుపాను సహాయ పనుల్లో తిరిగే కొందరం,
విశాఖపట్నం