కొలంబస్‌కి మారేముందు మా పన్నుల లెక్క తేల్చిన అందరికీ థాంక్స్

మా ఆయనకి ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉద్యోగం ఖాయమైనప్పటి నుంచి నేను కనిపించిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగాను: ఒహాయోలో టాక్సులు ఎలా ఉంటాయి? అంత ఓపిగ్గా సమాధానం చెప్పిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, ఎవరి గురించో మీకు తెలిసిపోతుంది.

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇన్నాళ్లూ ఉన్నవాళ్లం, ఇక్కడ జీతం మీద స్టేట్ టాక్స్ లేదు కాబట్టి ఆ మాటే మాకు అలవాటు తప్పింది. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి నిట్టూర్చడం, జనవరి 31 లోపు కట్టేయడం, అంతే. ఒహాయోలో 2026 నుంచి 26,050 డాలర్లు దాటిన ఆదాయం మీద స్టేట్ టాక్స్ 2.75 శాతం. ఇది ఎక్కడ వెతికినా దొరుకుతుంది. దొరకనిది కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉండే అక్క చెప్పింది. "స్టేట్ సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఇంటి అడ్రస్ పంపు" అంది.

ఎందుకంటే ఒహాయోలో ఊళ్లు కూడా జీతం మీద పన్ను వేస్తాయి. కొలంబస్‌లో 2.5 శాతం, డబ్లిన్‌లో 2 శాతం. పని చేసే ఊరు ముందు తీసుకుంటుంది, తర్వాత మనం ఉండే ఊరు అడుగుతుంది. పని చేసే ఊళ్లో కట్టినదానికి ఉండే ఊళ్లో క్రెడిట్ ఎంత ఇస్తారన్నది, అంటే పన్ను ఎంత తగ్గిస్తారన్నది, ఊరిని బట్టి మారుతుంది. ఊరి హద్దు దాటి టౌన్‌షిప్‌లో ఉంటే మాత్రం సాధారణంగా ఇలాంటి పన్ను ఉండదు.

మేం ఇష్టపడ్డ రెండు ఇళ్లకీ అడ్రస్‌లో పోవెల్ అనే ఉంది. అక్క ఒహాయో టాక్సేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ల 'ఫైండర్'లో, అంటే అడ్రస్ కొడితే అక్కడి పన్నులు చూపించే వెబ్‌సైట్‌లో, రెండూ కొట్టి చూపించింది. ఒకటి పోవెల్ సిటీలో, రెండోది లిబర్టీ టౌన్‌షిప్‌లో. పోస్టాఫీసుకి రెండూ పోవెలే! మా ఆయన కొలంబస్ ఆఫీసుకి వెళ్లిన రోజులకి అక్కడ 2.5 శాతం ఎలాగూ పోతుంది, పోవెల్ దానికి క్రెడిట్ ఇస్తుంది కాబట్టి ఆ రోజుల వరకు తేడా లేదు. తేడా అంతా నా జీతంలో. నేను డాలస్ కంపెనీకి పూర్తిగా ఇంటి నుంచే పని చేస్తాను. సిటీలో ఉంటే నా జీతం మీద 2 శాతం పోవెల్‌కి కట్టాలి, అంటే లక్ష డాలర్లకి రెండు వేలు. కంపెనీ అది కోసుకోకపోతే మూణ్ణెల్లకోసారి మనమే ముందుగా కట్టుకోవాలి. టౌన్‌షిప్‌లో ఆ గొడవే లేదు. మేం ఏ ఇల్లు తీసుకున్నామో ఇక చెప్పక్కర్లేదు.

స్కూల్ డిస్ట్రిక్ట్ సంగతి గుర్తుచేసిన తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు కూడా విడిగా ఇన్‌కమ్ టాక్స్ వేస్తాయట. మేం వెళ్లే ఒలెంటాంజీలో లేదు, పక్కనే ఉన్న బిగ్ వాల్‌నట్‌లో 0.75 శాతం ఉంది. జీతంలోంచి ఒహాయో పన్ను కోయడానికి ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చే ఐటీ-4 ఫారంలో స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైంది.

సీపీఏ (అకౌంటెంట్) అన్నయ్య ఆదివారం పూట గంటన్నర కూర్చున్నారు, ఫీజు అంటే నవ్వేశారు. రిటైర్మెంట్ కోసం జీతంలోంచి 401కేలో వేసుకున్న డబ్బుకి కూడా సిటీ టాక్స్ పడుతుందని ఆయన చెప్పేదాకా మా ఇద్దరికీ తెలియదు. ఫ్రిస్కో ఇల్లు అద్దెకిస్తే హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ టాక్స్‌లో తగ్గింపు) పోతుందనీ, టెక్సస్ అడగకపోయినా ఆ అద్దె ఆదాయాన్ని ఒహాయో లెక్కలోకి తీసుకుంటుందనీ వివరించారు. హైదరాబాద్‌లో మా ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ (ఎన్నారైల ఫిక్స్‌డ్ డిపాజిట్) వడ్డీ కూడా అంతే: ఇండియాలో పన్ను లేదు, ఫెడరల్‌లో ఉంది, ఇకనుంచి ఒహాయోలోనూ ఉంటుంది. ఊళ్లు మాత్రం వడ్డీ జోలికి రావట. ఏదో ఒకటి వదిలేశారు, సంతోషం.

ఇల్లు కొనే దగ్గర సాయం చేసిన ఆంటీగారి మాట కూడా మర్చిపోలేను. ఒహాయోలో ప్రాపర్టీ టాక్స్ ఒక ఏడాది వెనకబడి వసూలవుతుంది, ఈ ఏడాది పన్ను వచ్చే ఏడాది రెండు విడతల్లో కడతారు. అందుకని అమ్మేవాళ్లు ఉన్నన్నాళ్ల వాటా క్లోజింగ్‌లోనే (ఇల్లు చేతులు మారే రోజు లెక్కల్లోనే) మనకి క్రెడిట్‌గా రావాలి, కాగితంలో ఆ లైను చూసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పారు. మొదటి డ్రాఫ్ట్‌లో ఆ అంకె తక్కువే వేశారు. అడిగితే సరిచేశారు.

సేల్స్ టాక్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇక్కడి 8.25 శాతం కంటే కాస్త తక్కువే ఉంటుంది. ఒక్కటి భలే నచ్చింది: అక్కడ హోటల్లో కూర్చుని బిర్యానీ తింటే టాక్స్ ఉంది, పార్సిల్ కట్టించుకుని వెళ్తే లేదు. మా అబ్బాయి అప్పుడే రూల్ పెట్టేశాడు.

చివరిగా, మా కంపెనీ పేరోల్‌లో ఉన్న ఆవిడకి. నాకోసం ఒహాయోలో విత్‌హోల్డింగ్‌కి (జీతంలోంచే పన్ను కోసి కట్టడానికి) కంపెనీని రిజిస్టర్ చేయించడం ఆవిడకి అదనపు పనే, అయినా నేను అక్కడికి చేరకముందే పూర్తి చేశారు.

అక్కా, జూన్‌లో దిగుతున్నాం. ఆవకాయ తెస్తున్నా, డాలస్ నుంచి ఇంకేం కావాలో ఈలోగా చెప్పు.