నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు. మా దేవరకొండ ప్రాంతంలో కంటి శిబిరాలు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా పట్టు వదలక లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, ఉద్యోగ విరమణ తరువాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ఆరంభించారు. 1992లో మొదలైన అరవింద్ వారి తయారీ సంస్థ ఆరోల్యాబ్ కంటిలో అమర్చే కటకాలను చౌకగా అందించింది. అయితే నాకు అంతకన్నా గొప్పగా తోచేది, రోగి రాకకై ఎదురుచూడక ఊళ్లలోనే శిబిరాలు పెట్టి, శుక్లం ఉన్నవారిని బస్సులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేయించి తిరిగి దింపే అరవింద్ పద్ధతి. నేను చూసినంతలో చందంపేట, డిండి తండాల ముసలివారిని ఆపుతున్నది ఆపరేషన్ భయం కాదు. దారి ఖర్చు, తోడు వచ్చే మనిషికి పోయే కూలి (మా నాయనమ్మ విషయంలోనూ అంతే). కనుక పత్తి ఏరడం ముగిశాక దేవరకొండ డివిజన్‌లో శిబిరాలు పెట్టించి, రానుపోను వాహనం, ఆపరేషన్ తరువాతి పరీక్షలు కూడా ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత రైతు