వేపనూనె పనిచేయడం లేదా?

సంపాదకుడు గారికి,

ఇంటితోటలో వేపనూనె కొట్టినా పురుగు పోలేదనేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు తప్పు నూనెది కాదు, కలపడంలో ఉంటుంది. నేరుగా నీళ్లలో పోస్తే నూనె పైకి తేలుతుంది. మొదటి మొక్కకు ఉత్త నీళ్లు, చివరి మొక్కకు చిక్కటి నూనె పడి ఆకులు మాడతాయి. 5 మి.లీ. నూనెలో 1 మి.లీ. ద్రవ సబ్బు వేసి, కాసిన్ని గోరువెచ్చని నీళ్లతో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, ఆ తర్వాతే లీటరు చేయాలి. కలిపింది అదే రోజు వాడెయ్యాలి. ఎండ తగ్గాక ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాలి. రసం పీల్చే చిన్న పురుగులు పేనుబంక, తెల్లదోమ ఉండేది అక్కడే. గుడ్ల మీద అంతగా పనిచేయదు కనుక వారానికోసారి, రెండు మూడు విడతలు తప్పదు.

వంగ మొక్కకు లేత కొమ్మ వాలిపోతే మాత్రం పైపై పిచికారీ దండగ. పురుగు కొమ్మ లోపలుంది. వాడిన చోటికి అంగుళం కింద తుంచి చీల్చితే కనిపిస్తుంది. ఆ కొమ్మను కంపోస్టులో వేయకూడదు, కాల్చెయ్యాలి.

అన్నట్టు, పేనుబంక మధ్య నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో పాకే పురుగును చూసి కంగారుపడి నలిపెయ్యకండి. అది అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. పేనుబంకను తినేది అదే.

– ఒక ఇంటితోట సాగుదారు